మోస్తరు మహిమ

తెలుగు పత్రికల్లో ఏ పరువు నష్టం దావాకూ దొరకని మాట ఒకటుంది. అదే ‘మోస్తరు’. సభకు జనం మోస్తరు, పోలింగ్ మోస్తరు, సినిమా మోస్తరు. రాసినవాడికి చిక్కు రాదు, చదివినవాడికి ఏమీ చిక్కదు.

ఈ మాటకు కొలత పెట్టింది వాతావరణ శాఖ ఒక్కటే. 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా కురిస్తే మోస్తరు వాన. ఆ రెండు అంకెల మధ్య నాలుగు రెట్ల తేడా. మదనపల్లె టమాటా తోటలో కింది అంకె పడితే ఒక తడి మిగిలినట్టు. పై అంకె కోత ముందు రాత్రి పడితే కాయకు పగుళ్లు, పొద్దున మండీలో ధరకు కోత. పేపర్లో మాత్రం రెండూ మోస్తరే. అందుకే రైతు బులెటిన్‌ను ఓ చెవిన వేసుకుని, చేలోకి దిగి మట్టి తవ్వి చూస్తాడు. గట్టు మీంచి ఎవరైనా “ఏంనా, వానెట్లుంది?” అంటే, “జానెడు దిగిందినా, ఇత్తనానికి పదునైంది” అంటాడు. అందులో కొలతా ఉంది, చేయాల్సిన పనీ ఉంది.

2023 జులై చివర మదనపల్లెలో కిలో టమాటా 200 రూపాయల అంచు దాకా ఎక్కింది. సెప్టెంబరుకల్లా సీమలో రైతులు పంటను రోడ్డు పక్కన పారబోశారు. సరాసరి కడితే ఏడాది ధర మోస్తరే! 200కి అమ్మినవాణ్నీ, పారబోసినవాణ్నీ కలిపి లెక్కేస్తే ఓ మోస్తరు రైతు తేలతాడు. వాణ్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

పుంగనూరు ఆవు సంగతి వేరు. ఎత్తు మూడడుగులకు అటూఇటూ, ధర మాత్రం లక్షల్లో. అక్కడ బేరంలో మోస్తరుకు చోటే లేదు.

ఇక కుప్పం. హంద్రీ-నీవా కాలువ ‘పనులు ఓ మోస్తరుగా సాగుతున్నాయి’ అని ఎన్నేళ్లు చదివామో! కృష్ణా నీళ్లకు అక్కడ ముఖ్యమంత్రి 2025 ఆగస్టులో హారతి పట్టారు. ఆలోగా తాత పాసుపుస్తకం మనవడి చేతికొచ్చింది.

ఈ మాటను మాన్పించే ఉపాయం ఒకటుంది. నెలాఖరున బిల్లు పట్టుకొచ్చే పేపరు ఏజెంటుకు “ఓ మోస్తరుగా ఇస్తాలే నాయనా” అని చెప్పి చూడండి. పత్రికల వాళ్లకు అంకెలు ఎంత బాగా వచ్చో అప్పుడు తెలుస్తుంది.