మార్కుల బాబాయి

విశాఖ పోర్టు రోడ్డులో ఓడల ఏజెంట్ల ఆఫీసైనా, మధురవాడ కొండ మీద ఐటీ అద్దాలమేడైనా, ఇలాంటి మనిషి ఒకడుంటాడు. కుర్రాళ్లు బాబాయి అంటారు. మౌస్ ముట్టడు. మౌస్ ప్యాడ్ మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు.

రాసేదంతా విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్లోనే. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐకి 1991లో బ్రామ్ మూలెనార్ బయటికి వదిలిన వారసుడది. ఈ రెండు సంవత్సరాలూ అడక్కపోయినా చెబుతాడు.

బాబాయి ప్రాణమంతా మార్కుల్లో ఉంది. ఎమ్ కొట్టి, పక్కన ఓ అక్షరం కొడితే కర్సరున్న చోటు ఆ అక్షరం పేరు మీద రిజిస్టరైపోతుంది. చిన్నక్షరాలు 26, ఆ ఫైలు వరకే. పెద్దక్షరాలైతే ఇంకో ఫైల్లో ఉన్నా అక్కడికి లాక్కుపోతాయి. తిరిగెళ్లడానికి ఒంటి కొటేషన్ గుర్తు కొట్టేవాళ్లంటే ఆయనకి లోకువ. “అది లైను మొదట్లో వదిలేస్తాది తమ్ముడూ, వీధి చివర ఆటోవాడిలాగ. బ్యాక్‌టిక్ కొట్టు, గుమ్మంలో దింపుతాది.”

రాత్రి కంప్యూటరు కట్టేసినా మార్కులు పోవు, విమ్‌ఇన్ఫో అనే ఫైల్లో పడుకునుంటాయి. బాబాయి బుర్రా అదే బాపతు. గాజువాకలో బస్సు దిగుతూ సగంలో వదిలేసిన మాటని మర్నాడు అదే బస్సులో “కాబట్టీ...” అని అందుకుంటాడు. మధ్యలో మనం పెళ్లి చేసుకొచ్చినా ఆయనకి అనవసరం. స్టీల్‌ప్లాంటు అమ్మకం మీద 2021లో ఎత్తుకున్న వాదనకి ఇంకా మార్కు తియ్యలేదు.

చిన్నక్షరం మార్కున్న లైనుని ఎవరైనా డిలీట్ చేస్తే మార్కూ పోతుంది. అన్‌డూ కొడితే వస్తుందని తెలిసీ, భోజనాల వేళ దాకా ఎవరితోనూ మాట్లాడడు.

మొన్న ఓడల పట్టికని అక్షరక్రమంలో పెట్టాల్సొచ్చింది. పట్టికంతా ఉత్తినే సార్ట్‌కి అప్పజెబితే అందులో మార్కులు గల్లంతవుతాయని ఆయన భయం. బాబాయి ముందు కీప్‌మార్క్స్ అని తగిలించి ఎంటర్ నొక్కాడు.

“చూడండ్రా, ఒక్కటి పోనేదు!”

నిజమే, పోలేదు. విమ్ కాపాడింది లైను నంబర్లని. ఆ లైన్లలో ఉన్న ఓడలు మాత్రం కిందా మీదా అయ్యాయి. ఇంతలో పార్టీ ఫోను: మాంగనీసు ఓడ ఏ బెర్తులో ఉందండీ? బాబాయి బ్యాక్‌టిక్ కొట్టి, దాని పక్కన ఆ ఓడ మార్కైన ఎమ్ కొట్టి, బెర్తు నంబరు మాత్రం చూసి ఠక్కున చెప్పేశాడు. లారీలన్నీ వెళ్లి ఎరువుల ఓడ ముందు బారులు తీరాయి.

“ఏటి బాబాయ్ ఇది?”

“మార్కు తప్పనేదు గదేటి? ఓడే కదిలిపోనాది.”