మనీప్లాంటుకు వడ్డన

ఎరువు సీసా మీద నాలుగు ఋతువులుంటాయి. వసంతంలో మొదలుపెట్టండి, వేసవిలో రెండు వారాలకోసారి ఇవ్వండి, ఆకులు రాలే కాలంలో తగ్గించండి, శీతాకాలంలో ఆపేయండి అని. ఇది రాసిన మహానుభావుడు మే నెల మధ్యాహ్నం కూకట్‌పల్లి బాల్కనీలో నిలబడిన పాపాన పోలేదు. వాళ్ల వేసవంటే మనకు జనవరి మధ్యాహ్నం. మన వేసవిలో మొక్క పెరిగే పని పక్కనపెట్టి, బతికే పనిలో పడుతుంది.

మా ఆయన సీసా మీద ఏం రాస్తే అదే చేస్తారు. బ్యాంకులో ఆడిట్లు చేసి రిటైరైన మనిషి మరి. కుండీ పక్కన గోడకు ఓ పట్టిక అతికించారు: తేదీ, మోతాదు, సంతకం. సంతకం ఎవరిదండీ అంటే, "ఇచ్చినవాళ్లది. పుచ్చుకున్నవాళ్లది ఎలాగూ కుదరదుగా" అన్నారు.

మా అత్తయ్యకు ఋతువులతో పనిలేదు, కార్తెలు చాలు. రోహిణి కార్తెలో కొడుకు కొలగిన్నె పట్టుకుని బాల్కనీలోకి వెళ్తుంటే ఆపారు. "ఒరేయ్, రోళ్లు పగిలే ఎండలో దానికి బలం మందెందుకురా? నీడకు జరిపి నాలుగు నీళ్లు పొయ్యి."

ఆవిడ చదవకపోయినా శాస్త్రం ఆవిడ పక్షమే. ఎండిన మట్టిలో ఎరువు పోస్తే ఆ లవణాలు చిక్కబడి, వేళ్లలో ఉన్న నీటిని కూడా బయటికి లాగేస్తాయి. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే. ఆకుల కొసలు మాడతాయి. చూసినవాళ్లు "అయ్యో, ఆకలేస్తోంది కాబోలు" అని ఇంకాస్త పోస్తారు.

మృగశిర రాగానే అత్తయ్య అనుమతిచ్చారు. మనీప్లాంటు పుట్టిల్లు తాహితీ పక్కనున్న మోరియా దీవి. వెచ్చగా, చెమ్మగా, మబ్బుగా ఉంటే దానికి ఒంట్లో హుషారు. అంటే హైదరాబాదులో దానికి తిండి ఒంటబట్టేది వానల్లో. మా ఆయన పట్టికలో ఆ కాలానికి గడే లేదు. ఎర్ర సిరాతో గీశారు.

గడి గీయగానే ఇంటిల్లిపాదికీ లైసెన్సు దొరికినట్టయింది. మా ఆయన లీటరు నీళ్లకు గ్రాము చొప్పున, మూడు పంతొమ్మిదుల ఎరువు. అత్తయ్య ఆయన చూడకుండా బియ్యం కడిగిన నీళ్లు. పనమ్మాయి వాళ్లిద్దరూ చూడకుండా టీ పొడి, అదీ పాలు, చక్కెరతో సహా. దాంతో చీమలూ చేరాయి. నర్సరీ కుర్రాడు పూలమందు కూడా అంటగట్టాడు. కుండీలో మనీప్లాంటు పూయడమన్నది ఎవరూ చూసే ముచ్చట కాదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారుచేసుకోవడం దానికి చాతకాదు.

అప్పుడు దిగాడు మా మరిది, ఊరి నుంచి, యూరియా పొట్లంతో. అడుగునున్న ముసలి ఆకులు పసుపెక్కడం చూసి "నత్రజని లోపం వదినా" అని తేల్చేశాడు. నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి దాన్ని లాగి లేతాకులకు పంపుతుందట. అత్తయ్య కొడుకులిద్దరి వంకా ఓసారి చూసి "అంతేలే" అన్నారు.

మరిది లెక్కలన్నీ ఎకరానికి బస్తా లెక్కన నడుస్తాయి. ఆరంగుళాల కుండీకి ఎంత? కాసేపు ఆకాశంలోకి చూసి "గుప్పెడు" అన్నాడు. మా ఆయన కాలిక్యులేటర్ తీశారు. బస్తా 45 కిలోలు, ఎకరం నాలుగు వేల చదరపు మీటర్ల పైచిలుకు, కుండీ మూతి ఇంత. పావు గ్రాము కూడా రాలేదు. మరిది మొహం చిన్నబోయింది. "అంత తక్కువ వేస్తే మర్యాదగా ఉండదు వదినా!"

మేం భోజనాల దగ్గరుండగా ఆ మర్యాదేదో జరిగిపోయినట్టుంది.

చలికాలం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సీసా ఆపేయమంటుంది, ఇక్కడ మొక్క నెమ్మదిస్తుందే గానీ నిద్రపోదు. నెలకోసారి సగం మోతాదు చాలు. విజయవాడలో మా అక్క వాళ్ల తీగైతే డిసెంబరులోనూ కిటికీ ఊచలు పట్టుకుని పాకుతూనే ఉంటుంది.

కార్తీకంలో కుండీ మట్టి మీద తెల్లటి పొర తేలింది. అది అందరి ప్రేమా పేరుకుని ఉప్పు కట్టడం. విరుగుడు చవకే: అడుగు చిల్లులోంచి ధారగా కారిపోయేదాకా మంచినీళ్లు పోయడం, కాస్త ఆగి మళ్లీ పోయడం. మా ఆయన బకెట్లకు బకెట్లు పోశారు. అదంతా తిన్నగా కింద ఫ్లాట్ బాల్కనీలోకి దిగింది. ఇలా రెండు మూడు ఆదివారాలు.

ఓ సాయంత్రం కింది పిన్నిగారు తలుపు తట్టారు. ఆరేసిన చీరల పంచాయితీ అనుకుని మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ చేతిలో కరివేపాకు కట్ట! "ఏం పోస్తున్నారో గానీ అన్నయ్యగారూ, మా కరివేపాకు మొక్క గుబురెక్కిపోయింది. ఆపకండేం" అన్నారు.

అత్తయ్య ఆ కట్ట అందుకుని, తూకం చూస్తున్నట్టు అరచేతిలో ఆడించారు.

"ఇంతేనా అమ్మా? ఎరువంతా మాదేనాయె."