ఒక్క ఓటు దగ్గర జాగ్రత్త

మంత్రివర్గం కట్టబోయేవాళ్లు ముందు కర్నూలు వచ్చి పోండి, ఢిల్లీ తర్వాత. 1953 అక్టోబరు 1న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించింది ఈ ఊళ్లోనే. కోస్తా నాయకులు శ్రీబాగ్ ఒప్పందంలో ఇచ్చిన మాట నిలబెట్టుకోమని పట్టుబట్టి సీమవాళ్లు సాధించుకున్న రాజధాని. పదమూడు నెలలకే తొలి మంత్రివర్గం కూలింది. ఆ బాధతోనే చెబుతున్నా.

ముఖ్యమంత్రిని పక్క పార్టీ నుంచి తెచ్చుకోకండి. తుపాకీకి రొమ్ము చూపిన తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారిని తప్పుపట్టేంతటివాణ్ని కాను. కానీ 81 ఏళ్ల మనిషిని ప్రజా సోషలిస్టు పార్టీ వదిలించి, కాంగ్రెస్ బలం మీద కూర్చోబెట్టారు. ఆ బలం ఆయనది కాదు.

డేరాల్లో పాలన పెట్టొద్దు. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా ఫైళ్ల మీద కడప బండ ముక్కలు పెట్టేవాళ్లమని మా అబ్బ చెప్పేవాడు. డేరా చూసినవాడికి ఇది రేపు పీకేసేదే అనిపిస్తుంది. స్పెయిన్‌లో 1902 నుంచి 1923 దాకా ముప్పైకి పైగా మంత్రివర్గాలు మారినా మాడ్రిడ్ కదల్లేదు. అది పాతుకుపోయిన రాజధాని, మనది గుంజలకు కట్టినది. కాబట్టి ముందు రాతి కట్టడాలు లేపండి, ప్రమాణ స్వీకారం ఆ తర్వాతే.

అన్నిటికంటే ముఖ్యం, కల్లు జోలికి కమిటీని పంపొద్దు. మద్యనిషేధం మీద రామమూర్తి కమిటీ వేశారు. నిషేధం ఎత్తేయమని అది చెప్పింది. సర్కారు ఒప్పుకోలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించాడు. అట్లాంటి నివేదికను బీరువాలో పెట్టి, తాళంచెవి తుంగభద్రలో వేయాల్సింది. జనానికి నిజం తెలియాలి కదా అంటారు. తెలియాలి, రాజధాని నిలదొక్కుకున్నాక.

ఆ నిషేధం గొడవ మీదే 1954 నవంబరు 6న అవిశ్వాసం నెగ్గింది, 69కి 68. ఒక్కడు ఇటు వచ్చి ఉంటే లెక్క తిరగబడేది. అందుకే ఓటింగు ముందు రాత్రి ఏ సభ్యుణ్నీ ఇంటికి పోనీయకండి. ఉగ్గాని, బజ్జీ పెట్టి తెల్లారేదాకా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. అలిగినవాడి కాళ్లు పట్టుకోవడానికి నామోషీ పడొద్దు.

మంత్రివర్గం నిలిచి ఉంటే రాజధాని కూడా నిలిచేదని నా నమ్మకం. ఆ నవంబరులోనే రాష్ట్రపతి పాలన వచ్చింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. కర్నూలు రాజధానిగా ఉన్నది మూడేళ్లా ఒక నెల.