తాటిచెట్టు పోయాక

నేను గూడబాతును. ముక్కు మీది చుక్కలు చూసి పక్షిశాస్త్రం వాళ్ళు నన్ను చుక్కముక్కు పెలికాన్ అన్నారు. పుట్టింది కైకలూరు పక్కన ఆటపాకలో, అటవీశాఖ నీళ్ళ మధ్య నిలబెట్టిన ఇనుప స్టాండు మీద. మా పూర్వులు పెరిగింది తాటిచెట్ల మీద. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసిన కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు సరస్సు దగ్గర మా స్థావరాన్ని చూసి లోకానికి చెప్పేనాటికి మేం దాదాపు 3,000. 1975 ప్రాంతానికి ఆ స్థావరమే లేదు. అలాంటి జాతిలో ఇనుప చువ్వల మీద కళ్ళు తెరిచినదాన్ని కనక, బతుకు అనుకోని దారి పట్టడం గురించి మాట్లాడే హక్కు కాస్త ఉందనుకుంటాను.

నేననేది ఒకటే. అవసరమైనదేదో, అలవాటైనదేదో వేరుచేసి చూసుకున్న ప్రాణికే కొత్తదారి మింగుడుపడుతుంది. మాకు కావలసింది తాటిచెట్టు కాదు. కుక్కకీ పిల్లికీ అందని ఎత్తు, రెక్కల దూరంలో చేపలున్న నీళ్ళు, చుట్టూ మావాళ్ళ గూళ్ళు. ఒంటిగా గూడు కట్టే అలవాటు మాకు లేదు. స్టాండు మీద ఈ మూడూ కుదిరాయి, ఎండుపుల్లలు తెచ్చి పేర్చుకున్నాం. లోటు లేదనను. ఇనుముకి ఆకులుండవు. మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి గొంతుసంచి గబగబా ఆడిస్తే గానీ ఒళ్ళు చల్లబడదు; ఈకలు రాని పిల్లకి తల్లి ఒళ్ళే గొడుగు. ఆ పిల్ల మాత్రం తల మొత్తం తల్లి సంచిలోకి దూర్చి సగం అరిగిన చేప లాక్కునేటప్పుడు కిందున్నది మట్టా, చువ్వా అని చూడదు.

‘ఇందులో ఒప్పుకోవడమేముంది, పక్షికి వేరే గతి లేదు’ అంటారు కొందరు. గతిలేనివాళ్ళమైతే తాటిచెట్లు విడిచిపెట్టి ఉండేవాళ్ళం కాదు. గూళ్ళ దగ్గర అలజడి మితిమీరితే మావాళ్ళు గుడ్లు సైతం వదిలి లేచిపోతారు. అప్పుడు వద్దన్నదీ మేమే, తర్వాత సరేనన్నదీ మేమే. అన్ని మార్పులూ మా దాకా వస్తాయనీ కాదు: 2022లో ఆటపాక కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారింది, మేం పుల్ల కూడా కదపలేదు.

‘పక్షులు సర్దుకున్నాయిగా, ఇంక కొల్లేటికేం’ అన్నది రెండో మాట. కొల్లేట్లోని చేపల చెరువుల గట్ల మీద ఈ మాట బాగా చెల్లుతుంది. ఆ గట్ల మీదే మమ్మల్ని తోలడానికి టపాకాయలూ పేలుతుంటాయి, ఐసు పెట్టెల్లో కలకత్తా వెళ్ళాల్సిన బొచ్చె, శీలావతి మా సంచిలో పడతాయేమోనని. స్టాండు గూటిని మోస్తుంది గానీ చేపని పుట్టించదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు కొల్లేట్లో పరుచుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 1999లో అభయారణ్యమనీ 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద చిత్తడినేల అనీ పేరు పెట్టినంత మాత్రాన, గట్లు అడ్డుంటే ఆ నీళ్ళు పారవు. నా సర్దుబాటుని చెరువులవాళ్ళు తమ గట్లకి సాక్షి సంతకంగా వాడుకోవద్దు.

అసలు గట్టి అభ్యంతరం మనుషుల వైపు నుంచి వస్తుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట ప్రభుత్వం ఆ చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు కొల్లేటి లంక గ్రామాల్లో ఆ చెరువుల మీదే బతికే కుటుంబాలకీ దారి మారిపోయింది. వాళ్ళ దగ్గరకి పోయి ‘గూడబాతుని చూసి నేర్చుకోండి’ అనడం నాకు నచ్చదు. తాటిచెట్టు కుదరని రోజున నేనేమీ ఒప్పుకోలేదు, లేచిపోయాను. ఒప్పుకున్నది స్టాండు నిలబెట్టాక. లంకలో ఇల్లూ, పిల్లల బడీ, తీరని అప్పూ ఉన్నవాళ్ళు అలా లేచిపోలేరు. సర్దుకోమని చెప్పేవాళ్ళు ముందు వాళ్ళ స్టాండు ఏదో చూపించాలి: వేసవిలోనూ నీళ్ళు నిలిచే కొల్లేరా, అందులో వల వేసుకునే హక్కా, మరో పనా? అది కళ్ళబడ్డాక వాలాలో వద్దో వాళ్ళే చూసుకుంటారు.