కారు బోర్డుల లైను పెట్టేవారికి ఆరు ఉచిత సలహాలు

ఇన్నాళ్లూ రిమోట్లకూ చార్జర్లకూ సర్క్యూట్ బోర్డులు చేసి, ఇప్పుడు కార్ల కంపెనీల ఆర్డర్ల మీద కన్నేశారా? శుభం. ఇక మెషీన్లు కొనడమే తరువాయి. కిందివి పాటిస్తే ఆ బేరం ఒక్క పూటలో తేలిపోతుంది.

1. బ్రోచర్‌లో వేగం ఒక్కటే చూడండి.
గంటకు ఇన్ని వేల పార్టులు పెడుతుందని పిక్ అండ్ ప్లేస్ మెషీన్ గురించి పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ లెక్క చిన్న చిప్పులతో, అనుకూలమైన బోర్డు మీద తీసిందా అని ఆరా తీయకండి. మీ బోర్డు పట్టుకెళ్లి డెమో అడగడం అసలే మర్యాద కాదు. అన్నిటికన్నా నిదానంగా నడిచే మెషీన్ వేగమే లైను వేగమని మీ ఇంజనీరు గొణిగితే వినిపించుకోకండి.

2. పేస్టు కొలిచే ఎస్‌పీఐ మెషీన్ దండగ.
స్టెన్సిల్ మందం 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లు. దాని రంధ్రాల్లోంచి దిగిన సోల్డర్ పేస్టు ఎంత ఎత్తుందో రాత్రి షిఫ్టు కుర్రాడు కంటితో చెప్పేస్తాడు. పేస్టుకు వేరే ఫ్రిజ్ ఎందుకు? క్యారియర్ల పక్కన, పెరుగు గిన్నె వెనక సర్దండి. బయటకు తీయగానే డబ్బా చుట్టూ నీటి చుక్కలు పడతాయి. గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దని లేబుల్ మీద ఉంటుంది. చదవకుండా మూత తిప్పేయండి. పేస్టుకు పట్టిన తేమ ఓవెన్‌లో చిటపటలాడి, సోల్డర్ చిన్నచిన్న గుండ్లుగా ఎగిరి పిన్నుల మధ్య కూర్చుంటుంది.

3. ఓవెన్‌కు జోన్లు ఎంత తక్కువైతే అంత చవక.
సీసం లేని ఎస్‌ఏసీ 305 సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. 260 దాటితే చిప్పులకు గండం. దళసరి రాగి ఉన్న చోటునూ, పక్కనున్న ఆవగింజంత రెసిస్టర్‌నూ ఈ ఇరుకులోనే ఉంచాలి. అందుకే జోన్లు ఎక్కువ కావాలంటారు. బోర్డుకు థర్మోకపుల్ తీగలు అతికించి కొలవమనీ అంటారు. తెర మీది అంకె ఓవెన్ లోపలిది, బోర్డుది కాదట. ఏదైతేనేం, అంకె పచ్చగా వెలిగితే చాలు.

4. ఎక్స్‌రే ఆస్పత్రులకు వదిలేయండి.
బీజీఏ చిప్పు కింది జాయింట్లు కెమెరాకు కనబడవు. కనబడని లోపాన్ని వెతుక్కుంటూ పోవడం మన పనా? పవర్ చిప్పు కింద గాలి బుడగలుంటే వేడి దిగక చిప్పు మాడొచ్చు. అది వారంటీ విభాగం చూసుకుంటుంది. మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా బోర్డును పదేపదే తిప్పి పరీక్షించే చాంబర్ కావాలని కస్టమర్ అంటే, రామగుండంలో మైనస్ 40 ఎప్పుడైనా చూశారా అని ఎదురడగండి.

5. తనిఖీ మెషీన్‌ను తనిఖీ చేయకండి.
అవే బోర్డులను ఇద్దరు ఆపరేటర్లు పదేపదే కొలిస్తే వచ్చే తేడా, అనుమతించిన హద్దులో 10 శాతం లోపుంటే మంచిదనీ, 30 దాటితే పనికిరాదనీ ఆటో పరిశ్రమ లెక్క. మీరు ఒక్క ఆపరేటర్‌నే పెట్టండి. అభిప్రాయభేదాలే రావు.

6. లేజర్ మార్కర్, ట్రేసబిలిటీ సాఫ్ట్‌వేర్ ఊసెత్తకండి.
కార్ల పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఐఏటీఎఫ్ 16949 ఆడిటర్ వచ్చి ఏ రీలు కెపాసిటర్లు ఏ బోర్డులోకి వెళ్లాయని అడుగుతాడు. కాఫీ ఇచ్చి పంపేయండి. రేపు ఒక రీలు పాడైనదని తేలితే, లెక్క రాసుకున్నవాడు ఆ కొద్ది కార్లనే వెనక్కి రప్పిస్తాడు. మీరు అన్నిటినీ రప్పించాలి. అందర్నీ సమానంగా చూసినట్టూ ఉంటుంది.

ఇవన్నీ పాటిస్తే లైను సగం ధరకే వస్తుంది. బ్రేకుల బోర్డు, ఎయిర్‌బ్యాగ్ బోర్డు ఆర్డర్లూ ధైర్యంగా తీసుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి: మీ బోర్డు వేసిన కారులో మీ పిల్లల్ని ఎక్కించకండి.