పోత ఇనుప పెనం మాట

అమెరికాలో, టెనెసీ రాష్ట్రం సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, ఇసుక అచ్చులో కరిగిన ఇనుము పోస్తే పుట్టాను. 1896లో జోసెఫ్ లాడ్జ్ మొదలుపెట్టిన కార్ఖానా నా పుట్టిల్లు. మాది బరువైన ఒళ్లు. తొందరగా వేడెక్కం, ఎక్కామంటే తొందరగా చల్లారం. పంది పొట్టభాగానికి ఉప్పు పట్టించి, పొగబెట్టి, పల్చగా కోసిన బేకన్ వేయించాలంటే ఈ నిదానమే కావాలి.

మా ఇంటి ముసలావిడకు ఆ సంగతి తెలుసు. పొయ్యి వెలిగించకముందే, చల్లగా ఉన్న నాలో ముక్కల్ని పక్కపక్కన పరుస్తుంది. నూనె చుక్క వేయదు. సన్న మంట పెడుతుంది. నేను కాగేకొద్దీ ముక్కలోని తెల్లటి కొవ్వు గాజులా మారి కరుగుతుంది, ఆ కొవ్వులోనే మాంసం వేగుతుంది. మొదట్లో ఒకటే చిటపటలు. ముక్కలోని నీరు ఆవిరైపోయే గోల అది. నీరు తగ్గాక గోల సద్దుమణిగి, ముక్కల చుట్టూ సన్నటి నురగ లేస్తుంది. ఆవిడ అప్పుడే పట్టకారు అందుకుంటుంది. కాస్త మెత్తగా ఉండగానే తీసి కాగితం మీద వేస్తే, ఆరేసరికి కరకరలాడుతుంది. నాలోనే కరకరలాడాలని కూర్చుంటే మాడి చేదెక్కుతుంది. చక్కెర పట్టించిన రకమైతే మరీ తొందరగా మాడుతుంది.

ఆవిడ మనవడు గుంటూరమ్మాయిని పెళ్లాడాడు. ఆ పిల్ల తొలిసారి నన్ను దోసె పెనంలా కాల్చి, నీళ్లు చిలకరించి, చుయ్యిమనగానే బేకన్ వేసింది. అంచులు నల్లబడి ముడుచుకున్నాయి, మధ్యలో కొవ్వు రబ్బరులా మిగిలింది.

"కొవ్వు దిగేదాకా మంట పెంచకూడదమ్మా" అంది ముసలావిడ.

"మరి పదిమంది వస్తే ఎలా చేస్తారు గ్రానీ?"

"అప్పుడు దీని జోలికి రాను. ట్రేలో పరిచి 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఓవెన్లో పెడతాను. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది."

నాకది కాస్త చిన్నతనమే, కానీ మాట నిజం. ట్రేలో ముక్కలు అంతగా ముడుచుకోవు, తిప్పే పనీ ఉండదు.

దిగిన కొవ్వును ఆవిడ సింకులో పోయనివ్వదు. గొట్టాల్లో గడ్డకడుతుంది. వడగట్టి, సీసాలోకెత్తి ఫ్రిజ్‌లో పెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆవిడ తల్లి ఇదే కొవ్వును డబ్బాలో పోసి మాంసం కొట్టుకు పట్టుకెళ్లేది. దాని నుంచి తీసిన గ్లిజరిన్ పేలుడు పదార్థాలకు పనికొచ్చేది. ఇప్పుడా కొవ్వు కార్న్‌బ్రెడ్‌కు వెళుతుంది. నన్ను బాగా కాచి, కొవ్వు రాసి, మొక్కజొన్న పిండి కలిపిన జారు పోస్తే అడుగు ఎర్రగా కాలుతుంది.

కొత్త కోడలి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఒకరోజు నాలో చింతపండు పులుసు కాచింది. పులుపు తగిలితే, ఏళ్ల తరబడి కొవ్వు కాలి గట్టిపడిన నా నల్లటి పూత ఊడిపోతుంది. మళ్లీ నూనె రాసి ఓవెన్లో కాల్చి నన్ను బాగుచేశారు. ఆ తర్వాత పులుసుకు స్టీలు గిన్నె వచ్చింది, నాకు బేకన్ కొవ్వుతో బంగాళాదుంప వేపుడు దక్కింది. ఆవాలు చిటపటలాడుతుంటే ముసలావిడ వంటింట్లోకి వచ్చి నిలబడుతుంది. కారం తగ్గించమంటుంది గానీ, రెండోసారి వడ్డిస్తే వద్దనదు.