నడిపోని చింతచెట్టు

"నువ్వు చెప్తే వింటాడు లేరా వాడు" అంటాడు పెద్దన్న. "నువ్వు చెప్తే వింటాడన్నా ఆయన" అంటాడు తమ్ముడు. నేను చెప్పినాక ఇద్దరిలో ఎవరైనా విన్న దాఖలా మా వంశంలో లేదు. అయినా ఆ మాట ఏడాది పొడుగునా కాస్తూనే ఉంటుంది. విడపనకల్లులో వానతో పనిలేకుండా పండే పంట ఇదొక్కటే.

ఈ వారం తగువు బోరు మోటారు స్టార్టర్ డబ్బాది. వివరాలు చెప్పను, మీకు తెలిసిందే. అన్నదమ్ములు వేరుపడిన ప్రతి చేనిలో ఒక స్టార్టర్ డబ్బా, దానికో తాళం ఉంటాయి. కరెంటొచ్చే వేళకు ఆ తాళంచెవి ఎప్పుడూ రెండోవాని మొలతాడుకే ఉంటుంది.

వాళ్లిద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. నాయన కట్టిన ఇంటికి పడసాల నడుమ గోడ లేచింది, అంతే. ఒకరు దగ్గితే రెండోవారికి ఏ మందు తాగాలో తెలుస్తుంది. అయినా పెద్దన్న మాట తమ్మునికి చేరాలంటే అది ముందు అనంతపురంలో బడిపంతులుగా ఉన్న నా దగ్గరికి రావాలి. పెద్దన్న గోడకు ఇటు కూర్చుని ఫోన్లో గొంతు చించుకుంటాడు. గోడకు అటు తమ్ముడు అంతా వింటాడు. నేను ఆ ఫోను పెట్టేసి ఈ ఫోను చేస్తాను. "ఇన్నాలే అన్నా, మళ్లీ చెప్పొద్దు. నా జవాబు ఆయనకు చెప్పు" అని వాడూ గొంతు పెంచుతాడు. పెద్దన్న అదీ వింటాడు. అంతటితో అయిపోయిందా? "అడిగితివా వాన్ని? ఏమనె?" అని మళ్లీ నాకే ఫోను. చెవులారా విన్నది లెక్కలోకి రాదు, నా నోట వస్తేనే కబురు.

నా నోటికొచ్చేసరికి కబురు కొంచెం మెత్తబడుతుందనుకోండి. "వానికి మానం మర్యాద ఏమన్నా ఉండాదేమో అడుగు" అని పెద్దన్న అంటే, "అన్న నిన్ను అడిగినాడబ్బా" అంటాను. "ఆయన చచ్చినా గడప తొక్కను" అని తమ్ముడంటే, "వానికి పని ఎక్కువుందంట, తీరినప్పుడు వస్తాడంట" అంటాను. అసలు మాట గోడలోంచి, సవరించిన మాట నా ద్వారా, రెండూ చేరతాయి. "నడిపోడు బాగానే అతుకుతాడు" అని ఇద్దరూ నవ్వుకుంటారట. విడివిడిగా.

ఈ ఉద్యోగంలో నాకు సాటి హొసపేట దగ్గరున్న తుంగభద్ర బోర్డు ఒక్కటే. మాది మొదటినుంచీ భాగాలు పోయిన నేల. 1882లో అనంతపురం జిల్లా బళ్లారి జిల్లా నుంచి వేరు కాపురం పెట్టింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినాయి. 2022 ఏప్రిల్లో మళ్లీ మా జిల్లాలో సగం శ్రీ సత్యసాయి జిల్లా పేరుతో వేరుపడింది. నేలను గీత గీసి పంచొచ్చు. నీళ్ల మీద గీత నిలవదు కాబట్టి 1953లోనే ఆ బోర్డు పెట్టినారు. డ్యాం కట్టినప్పుడు పట్టింది 133 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడు పట్టేది 105 చిల్లర. ఆస్తి తరిగేకొద్దీ వాటాదార్ల గొంతు పెరగడం ఇళ్లలోనే కాదు, డ్యాముల్లోనూ ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ, అదే మా హెచ్చెల్సీ, కర్ణాటకలో నూరు కిలోమీటర్లకు పైగా నడిచి మన హద్దుకు చేరేలోపు దారిలో ఎవరెంత తోడుకున్నారని ఏటా పంచాయితీ. అటువాళ్ల కంటికి బోర్డు ఇటు మొగ్గినట్టు కనపడుతుంది, ఇటువాళ్ల కంటికి అటు మొగ్గినట్టు. అయితే బోర్డుకు ఆఫీసుంది, జీపుంది, జీతాలున్నాయి. నాకు ఫోను రీచార్జి కూడా నా డబ్బే.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం పందొమ్మిదో గేటు కొట్టుకుపోయింది. అప్పుడు మాత్రం ఎవరి వాటా ఎంతని చూడకుండా రెండువైపులవాళ్లూ పరుగెత్తుకొచ్చినారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ దింపించి, ఉన్న నీళ్లు నిలిపినాడు. మా ఇంట్లో ఇంతవరకు గేటు కొట్టుకుపోలేదు. అదే చిక్కు. చుక్కచుక్కగా కారేదాన్ని ఆపడానికి ఏ కన్నయ్యనాయుడూ రాడు.

ఇంక చింతచెట్టు సంగతి. దీనికీ స్టార్టర్ డబ్బాకూ సంబంధం లేదు. అయినా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జేజినాయన నాటిన చెట్టది. పొలం పంచేటప్పుడు పెద్దమనుషులు తాడు లాగితే అది సరిగ్గా చెట్టు మానును తాకింది. తూర్పు చేను తమ్మునికి, పడమటి చేను పెద్దన్నకు. చెట్టు ఎవరిది? పొద్దు వాలేదాకా వాదించి, ఆకలై, పెద్దమనుషులు తీర్పు చెప్పినారు: "చెట్టు నడిపోనికి. వాడు మంచోడు, కొట్లాడడు." అట్లా నా చేను కాలువకు అవతల ఎక్కడో ఉంటే నా చెట్టు మాత్రం వీళ్లిద్దరి నడుమ గెనిమ మీద ఉంది. అది నిలబడిన నేల నాది కాదు. దానికింద కూర్చోవాలన్నా ఎవరో ఒకరి అనుమతి కావాలి.

చెట్టు నీడ పొద్దున పెద్దన్న చేని మీద పడుతుంది, సాయంత్రం తమ్ముని మిరప మీద. నీడలో మిరప కాయలేదని తమ్ముడు నాకు చెప్తాడు, మిరపకు కాదు, చెట్టుకు కాదు. వేర్లు తన బోరు నీళ్లు తాగుతున్నాయని పెద్దన్న అంటాడు. ఆషాఢంలో పడమటి గాలి లేస్తే ఆకంతా తూర్పున పడుతుంది. ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు పెట్టేవాళ్లు ముందుగా స్తంభాలు పాతి గాలి ఎటునుంచి ఎంత వీస్తుందో కొలుచుకున్నారు. ఆ పని మా పెద్దమనుషులు చేసుంటే చెట్టు ఇంకో యాభై గజాలు తూర్పున ఉన్నట్టు ఊహించుకుని పంచేవాళ్లు.

చిగురు కాలంలో ఇద్దరు ఆడవాళ్లూ కోస్తారు. కోసినాక న్యాయంగా నా భాగం పంపుతారు. వదిన ఒక సంచి, మరదలు ఒక సంచి. వదిన సంచి కన్నా మరదలి సంచి పెద్దదని వదినకు, వదిన సంచిలో ఈనెలే ఉన్నాయని మరదలికి, ఎట్లా తెలుస్తుందో తెలుస్తుంది. కాయ కాలంలో ఇంకా ఘోరం. దులిపే మనిషికి కూలి నేనివ్వాలి, చెట్టు నాది గదా. రాలినవాటిలో పడమట పడినవి పెద్దన్నవి, తూర్పున పడినవి తమ్మునివి, నేల వాళ్లది గదా. నాకు మిగిలేది గెనిమ మీద నిలిచినవి. గెనిమ వెడల్పు మూరెడు. నా మీద దయతలచి ఇద్దరూ చెరో తట్ట ఇస్తారు. దాన్ని ఎండబెట్టి, కొట్టి, పిక్క తీసి, ఉండలు చేసేసరికి మా ఇంటావిడ వేళ్లు పగిలిపోతాయి. హిందూపురం మార్కెట్‌కు వేసి అమ్ముదామంటే, "జేజినాయన చెట్టును అమ్ముకు తింటాండాడు" అంటారు. అమ్మకపోతే, "ఉద్యోగస్తుడు, ఏం లెక్క" అంటారు. అందుకని మా ఇంట్లో అన్నీ పులుపే. చారు, పులుసు, పులిహోర, పచ్చిపులుసు. ఇత్తడి సామాను తళతళా మెరుస్తుంటుంది. చుట్టాలెవరు వచ్చినా చేతిలో ఒక ఉండ పెట్టి పంపుతాము. ఈ మధ్య చుట్టాలు తగ్గినారు.

రీసర్వే వాళ్లు రోవర్ తెచ్చి నిలబెట్టినప్పుడు ఆశపడినాను, ఉపగ్రహమన్నా తేలుస్తుందని. తేల్చింది. మానులో మూడింట రెండు పాళ్లు పెద్దన్న హద్దులో ఉందంట. ఆ సాయంత్రమే తమ్ముడి ఫోను: "అట్లయితే నీడలో కూడా మూడింట రెండు పాళ్లు ఆయనే పెట్టుకోమను." పెద్దన్న జవాబు: "కొమ్మలెన్నో లెక్క పెట్టమను." సెలవు రోజు నేను పోయి కొమ్మలు లెక్క పెట్టినాను. నిజంగా. ఊరి పిల్లోళ్లు సాయం చేసినారు. లెక్క కుదరలేదు, ఒక పెద్దకొమ్మ పడమట పుట్టి తూర్పుకు వంగింది. అది పుట్టింట్లో ఒకరిది, మెట్టినింట్లో ఒకరిది. కొట్టేద్దామని ఒకసారి నోరు జారితే ఇద్దరూ ఒకటే మాట: "జేజినాయన చెట్టు కొడతావా?" ఇద్దరూ మళ్లీ విడివిడిగానే.

పెద్దల అమావాస్య గురించి ఎక్కువ చెప్పను. ఒకే నాయనకు గోడకు అటూ ఇటూ రెండు విస్తర్లు. ముందు ఎవరింట్లో తింటే వాళ్ల పక్షం. రెండోచోట ఓళిగ తుంచుతూ కూర్చుంటే "ఆడ బాగా తినొచ్చినట్టుండావే" అనే మాట. నాయనకు ఆ బాధ లేదు, ఎక్కడ ఎంత తిన్నదీ ఎవరికీ తెలియదు.

నాకన్నా పాపం పల్నాటి అలరాజు. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు, మలిదేవరాజు అన్నదమ్ములై భాగాలు పోయి, ఒకరు గురజాలలో, ఒకరు మాచర్లలో కూర్చున్నారు. నలగామరాజు అల్లుడే అలరాజు. మాచర్ల తరఫున గురజాలకు సంధి మాట్లాడను పంపినారు. ఎందుకు పంపింటారో నాకు బాగా తెలుసు: "నువ్వు చెప్తే వింటాడు, మామే గదా." వీరగాథ ప్రకారం ఆ రాయబారంలోనే ఆయనకు విషం పెట్టినారు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరులకు తిరునాళ్ల జరుగుతుంది. మధ్యవర్తికి మర్యాద దొరకాలంటే అంత దూరం పోవాలన్నమాట. మా వదిన కాఫీ ఇచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

నవ్వులాట పక్కన పెడతాను కాసేపు. మా ఉమ్మడి జిల్లాలో సగటున ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అది కూడా రావాల్సినప్పుడు రాదు. నల్లరేగడి తడిస్తే శెనగ, మిరప. తడవకపోతే పగుళ్లలో కాలు ఇరుక్కుంటుంది. పండిన ఏడు మిరపకాయ బ్యాడగి మార్కెట్‌కు పోయేలోపు ధర పడిపోయుంటుంది. అటువంటిచోట గంట కరెంటు అంటే గంట కరెంటు కాదు, ఒక మడి. నాకు నెల తిరిగితే జీతం పడుతుంది. అందుకే నాకు ఓర్పు ఎక్కువ. నా భాగం చేను ఇద్దరూ చెరి సగం చేసుకుంటున్నారు, నేను కౌలు అడగలేదు. ఆ అడగకపోవడానికే ఊర్లో నాకింత పేరు. బోరులో నీళ్లు అడుగంటుతుంటే స్టార్టర్ దగ్గర కాచుకుని కూర్చునేవాణ్ణి నేనయితే, నడిపోణ్ణి మంచోడనే మనిషి దొరికేవాడా అని ఈ మధ్య రాత్రుళ్లు అనుకుంటాను. వాళ్లు కోపిష్టులు కారు. వాళ్లు ఊర్లో ఉండిపోయినారు.

సరే, అసలు ఈ వారమంతా నన్ను తొలుస్తున్నది స్టార్టర్ డబ్బా కాదు. మొన్న ఇద్దరూ ఒకే రోజు ఫోను చేసినారు. ఇద్దరిదీ ఒకటే మాట, అక్షరం తేడా లేదు. పాసుపుస్తకాలు విడివిడిగా చేయించుకోవాలంటే బళ్లారిలో ఉన్న మా అక్క సంతకం కావాలంట. "అక్కకు నువ్వే చెప్పు, నీ మాట వింటుంది." ఇన్నేళ్ల వేరు కాపురంలో అన్నదమ్ములు ఏకమైన మొదటి విషయం ఇది, అక్కకు భాగం లేకుండా చేయడం.

అక్క పెండ్లి 1985కు ముందే అయింది. ఆ ఏడాది సెప్టెంబరు 5 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా భాగమిచ్చింది గానీ, అప్పటికే పెండ్లయినవాళ్లను పక్కన పెట్టింది. అక్క ఆ గీతకు అవతల పడింది. 2005 సెప్టెంబరు 9న కేంద్రం తెచ్చిన సవరణలో ఆ గీత లేదు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20 లోపు రిజిస్టరైన భాగాల జోలికి చట్టం పోదు, నిజమే. మా భాగాలు తాడుతో, నోటిమాటతో, తెల్లకాగితం మీద అయినవి. ఇదంతా నేను బడిలో పిల్లలకు చెప్పే మనిషిని. కాగితం సంచిలో పెట్టుకుని ఆదివారం బళ్లారి బస్సెక్కినాను.

అక్క మండక్కి ఒగ్గరణె పెట్టింది, మన ఉగ్గానే. బజ్జీలు వేసింది. నేను తినేంతవరకు కాగితం ముట్టలేదు. తర్వాత కండ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నీదేదిరా?" అనింది.

"నాదేంది అక్కా?"

"నీ భాగం వాళ్లకు రాసిచ్చిన కాగితం. నాకు బావ సంపాదన ఉంది కాబట్టి చేను వదులుకోవాలంటే, నీకు జీతముంది గదా. నువ్వు ముందు రాసియ్యి. దానికింద నేను పెడతా సంతకం."

అనవసరంగా బజ్జీ ఇంకోటి అడిగినాను. అక్క వేసింది, కారం ఎక్కువగా.

తిరుగు బస్సు హద్దు దాటకముందే పెద్దన్న ఫోను. పెట్టేసేలోపు తమ్ముడి ఫోను. "అక్క ఆలోచించి చెప్తుందంట" అన్నాను ఆయనతో. "అక్క ఆలోచించి చెప్తుందంట" అన్నాను వీనితో. ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పడం ఈ ఉద్యోగంలో నాకు ఇదే మొదటిసారి.